నూట పది అడుగుల రాక్షసుడు

ఆ రోజుల్లో త్రైరాశికం ఒక్కటి వస్తే లోకంలో తేలని సంగతంటూ ఉండదని నా నమ్మకం. డెబ్బైల చివర, నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో బస్తాల తూకం చూసేవాణ్ణి. బడి ఎనిమిదితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. (నేర్పేవాడు లేకపోతే తప్పని చెప్పేవాడూ ఉండడని అప్పుడు తోచలేదు.) రుద్రవరం దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ తన కూతుర్ని నాకివ్వాలా, ఆళ్లగడ్డ సంబంధానికి ఇవ్వాలా అని ఊగుతున్న కాలమది. "ఒకతూరి వచ్చి చేను చూసిపో అప్పా" అని కబురు పెట్టాడు. చూసేది చేను కాదు, నన్నేనని అర్థమైంది.

ఆ చేనికి ఒక మూల రాక్షసగుళ్ళు ఉండేవి. చుట్టూ గుండ్రంగా పాతిన గుండ్లు, నడుమ మట్టిదిబ్బ, దిబ్బలో నాలుగు బండలు నిలబెట్టి చేసిన గుంత, దానికి మూతగా పెద్ద బండ. వానలకు మట్టి జారి ఒక పక్క లోపలంతా కనబడేది. అవి ఎప్పటివో ఎవరికీ తెలియదు. నాగలి మాత్రం తరతరాలుగా వాటిని చుట్టుకునే పోయేది.

"రాక్షసులు కట్టినారంటారప్పా," అన్నాడు మామ.

అంతే, నేను పంచె ఎగగట్టి పైబండ ఎక్కాను. జానలతో కొలిచి, కూలివాళ్ళందరికీ వినబడేలా తేల్చేశాను. "బండ ఇరవై బస్తాల బరువు మామా. ఒక బస్తా ఎత్తే మనిషి ఐదున్నర అడుగులు. ఇరవై ఎత్తినోడు నూట పది అడుగులు!"

కూలివాళ్ళు పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెచ్చుకోలనుకున్నాను.

సద్ది తెచ్చిన మామ కూతురు గంప దించి గుంతలోకి తొంగి చూసింది. "బావా, అంత పొడుగోడు ఈ ఆరడుగుల గుంతలో యాడ పండుకున్యాడు?"

చేనంతా నవ్వింది. ఊరుకోవచ్చు కదా? "కట్టింది ఆయప్ప, పండుకున్యది వేరేవాళ్ళు" అన్నాను.

మామ మాత్రం నవ్వలేదు. "ఒక్కడే ఎత్తినాడని నీకెవరు చెప్పినారప్పా? మనింట్లో మనిషి పోతే ఊరంతా రాదా? వాళ్ళకూ అట్లే వచ్చింటారు."

అంతసేపూ ఎవరి సమాధి మీదో చెప్పులతో నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.

సంబంధం పోయిందనుకుని తల వంచుకుని రోడ్డు వైపు నడిచాను. "యాడికి పోతాండావ్? కూడు తిను," అని మామ కేకేశాడు. "లెక్క మా పిల్లకు వచ్చులే. సంసారానికి ఒకరికొస్తే సాలు."

ఇప్పటికీ ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. బండ దిగరా అని అరవాలనిపిస్తుంది. కానీ ఆ పిల్ల గుంత సంగతి అడిగేదాకా ఆగుతాను.