పిల్లుల ప్రదర్శనకు అడ్డమొచ్చిన పిల్లి

ఈ రోజు తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో పిల్లుల ప్రదర్శన చూడటానికి వెళ్లాను. ప్రారంభించాల్సిన పెద్దమనిషి కారు దిగగానే ఒక వీధిపిల్లి అడ్డంగా పోయింది. అంతే, ఆయన మళ్లీ కారెక్కి కూర్చున్నారు. నిర్వాహకులు వాచ్‌మన్‌తో దాన్ని గోనెసంచిలో పట్టించి, ఆటోలో రేణిగుంట అవతలికి పంపించాకే ఆయన దిగారు. లోపల పర్షియన్ పిల్లిని ఒళ్లో పెట్టుకుని, మూగజీవాలను ప్రేమించడం మన సంస్కృతి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను బయటికొచ్చేసరికి వాచ్‌మన్ మెట్ల కింద పాలు పెడుతున్నాడు.

"దాని పిల్లలు సార్. ఇంగా కండ్లు తెరవలా. తల్లి లేకుంటే యాడ బతుకుతాయి?"

"మరి ఎందుకు పట్టినావప్పా?"

"పట్టకుంటే రేపు ఈ గేటుకాడ నేనుండను."

పిల్లల అరుపులు మైకు మోతలో లోపలివాళ్లకు వినబడలేదు. ఇంతకీ ఈ రోజు ఎవరికి ఎవరు అడ్డమొచ్చారో మీరే చెప్పండి.