కారం గిర్ని ఇంటి పిల్లికూన

“చేతులు కడుక్కున్నవా, నాగమ్మా?”

“కడుక్కున్న బూబమ్మా. సబ్బుతోటి రెండుసార్లు కడిగిన.”

బూబమ్మకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివే. ఆ మాట అడిగి, ఒళ్లో పడుకున్న పిల్లిని కొంచెం పక్కకు జరిపి, నాకు చెయ్యి అందించింది. ఈ వానాకాలం మొదట్లో ఆమె కన్నుమూసింది. మంచం పట్టిన మనిషి నా చేతుల సంగతి ఎందుకు అడిగిందో చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి పోవాలి. నాకు సంతకం పెట్టేంత అక్షరమే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న కూతురు స్వాతి రాస్తోంది.

అది కళ్లాల మీద మిరపకాయ ఆరబోసే కాలం. మాది ఖమ్మం చేలు అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు. అక్కడి పశువుల దవాఖానాలో నేను అటెండర్ని. మా ఆయన చేసిన కొలువే, ఆయన పోయాక నాకు ఇచ్చారు. డాక్టరమ్మ సూది వేస్తుంది, నేను పట్టుకుంటాను. ఈ పట్టుకోవడాన్ని రెస్ట్రెయినింగ్ అంటారు. జంతువుకు నొప్పి కలగకుండా, మనకు దెబ్బ తగలకుండా దాన్ని కదలనివ్వకపోవడమన్నమాట. ఎద్దుకు ముకుతాడు, మేకకు మన రెండు మోకాళ్ల సందు, పిల్లికి తువ్వాలు. బలం కన్నా ఓపిక ముఖ్యం అందులో.

ఒకరోజు పొద్దున కారం గిర్ని మస్తాన్ వచ్చాడు. ఊరి చివర గిర్ని, దాని వెనకే వాళ్ల ఇల్లు. మోచేతుల దాకా ఎర్రటి గీతలు. చేతిలో మూతి కట్టిన గోనెసంచి, లోపల ఏదో గింజుకుంటోంది. అతను గడప దాటగానే దవాఖానాలో ఉన్నవాళ్లమంతా తుమ్మాం. మస్తాన్ ఎక్కడికి వచ్చినా నలుగురు తుమ్మడం మామూలే కనుక ఎవరమూ పట్టించుకోలేదు.

“దీనికి సూదేసి ఖతం చెయ్యండి మేడం. ఇది పిల్లి కాదు, షైతాన్. ఇంట్ల ఒక్కరిని వదల్లే” అన్నాడు.

“ఆరోగ్యంగా ఉన్నదాన్ని చంపడం మా పని కాదు మస్తాన్. కరిచింది ఎవరిని?” అని అడిగింది డాక్టరమ్మ.

“నా బిడ్డను. వేలు మీద.”

“ముందు నువ్వు కుళాయి కింద ఆ చేతులు సబ్బుతో బాగా కడుగు, నీళ్లు పారుతూనే ఉండాలి. ఇంటికి పోయి బిడ్డ వేలూ అట్లనే కడిగించు. ఇద్దరూ ఇవాళే పెద్ద దవాఖానాకు పోయి ఏఆర్‌వీ వేయించుకోండి.”

ఏఆర్‌వీ అంటే కుక్క కరిస్తే వేసే సూది. పిల్లి కరిచినా, రక్కినా అదే. పిల్లికూనే కదా అని పసుపు రాసి ఊరుకోకూడదు. కరిచినదాన్ని పది రోజులు కళ్ల ముందే ఉంచుకుని చూడాలి కూడా. దాన్ని అబ్జర్వేషన్ అంటారు. ఆ మాట చెప్పగానే మస్తాన్ తల పట్టుకున్నాడు.

“భద్రాచలం రోడ్డుల చెట్లల్ల ఇడిచొద్దామనుకున్న మేడం. గా మాట అన్నందుకే మా అమ్మ పొద్దుగాల నుంచి ముద్ద ముట్టలే. అది పోతే నేనూ పోత అంటది. గీడనేమో మా ఆడోళ్లు, అది ఉంటే మేముండం అంటున్నరు. నేనెటు చావాలె?”

సంచి విప్పాను. పిడికెడంత కూన. బూడిదరంగు ఒళ్లు, కళ్ల నిండా నీళ్లు, తుమ్ము మీద తుమ్ము. తువ్వాలు తడిపి చుట్టి, తడి కొసతో మొహం తుడిచాను. ఒక గోరు విసిరింది, అంతే. తర్వాత ఆ తడిగుడ్డలోకి ముక్కు దూర్చి కదలకుండా ఉండిపోయింది.

మస్తాన్ నోరు తెరిచాడు. “నీ చేతుల మంత్రముంది నాగమ్మక్కా.”

నాకూ అట్లాగే అనిపించింది. ఇన్నేళ్ల కొలువు, హస్తవాసి కాక ఇంకేమిటనుకున్నాను. కూనను అట్టపెట్టెలో పెట్టి పంపిన డాక్టరమ్మ, సాయంత్రం నన్ను వాళ్ల ఇంటికి వెళ్లి దాన్ని ఎట్లా పట్టుకోవాలో చూపించి రమ్మంది. నేను కొంచెం గర్వంగానే వెళ్లాను.

మస్తాన్ తల్లిని ఊళ్లో అందరూ బూబమ్మ అంటారు. కంటి ఆపరేషన్ అయినా చూపు సగమే వచ్చింది. కంటికి కారం సోకకూడదన్నారని ఆమెకు వెనక గది ఇచ్చారు. అన్నం పళ్లెం గడప దగ్గర పెడతారు, మాట అక్కడి నుంచే మాట్లాడతారు. కూన ఆ గదిలో, ఆమె చీర కుచ్చిళ్లలో ముడుచుకుని నిద్రపోతోంది.

“నన్నెన్నడూ కరవలే నాగమ్మా. పని చెయ్యని ముసల్దాన్నని జాలి పడ్డదేమో” అంది బూబమ్మ.

ముందు గదిలో కోడలు, మరో ఇద్దరు ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నారు. కూన లేచేదాకా వాళ్ల దగ్గర కూర్చున్నాను.

“ముచ్చట్లకు చేతులు ఖాళీ ఎందుకు అక్కా? నాలుగు కాయలు తియ్యి” అంది కోడలు. తీశాను. మాటల్లో పడి చాలానే తీశాను.

కూన లేచి బయటికి వచ్చింది. చేతులు చీరకు తుడుచుకుని, అందరూ చూస్తుండగా దవాఖానాలో ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నాను. బొటనవేలు మొదట్లో పళ్లు దిగాయి. మణికట్టు దాకా చీరేసి బస్తాల వెనక్కి దూరింది.

“మంత్రం ఏడబోయింది అక్కా?” అని మస్తాన్ నవ్వాడు. ఆడవాళ్లూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అదే కూన, నేనూ అదే మనిషిని, పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు. కుళాయి దగ్గర గాయం కడుగుతుంటే మొహాన నీళ్లు చిందాయి. చేత్తో కన్ను తుడుచుకున్నాను. కన్ను భగ్గుమంది. నిప్పు పెట్టినట్టయి అక్కడే చతికిలబడ్డాను. ఆ మంటలోనే నాకు కూన మొహం కనబడింది. పొద్దున గోనెసంచిలో నుంచి తీసినప్పటి నీళ్ల కళ్లు. అది మిరపకాయల సంచి.

ఒంటి కన్నుతో లోపలికి వచ్చి కోడలిని అడిగాను: “నీ బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎట్ల ఎత్తుకునేదానివి?”

“ఎట్లేంది? నూనె రాసుకొని, సబ్బుతోటి కడుక్కొని, మజ్జిగల ముంచి, చీర మార్చుకొని ఎత్తుకునేదాన్ని. కారం చేతులతోటి పసిపిల్లను ముట్టుకుంటమా?”

ఆ మాట పూర్తయ్యాక ఆమె తన చేతుల వైపు చూసుకుంది. మస్తాన్ తన చేతులు చూసుకున్నాడు. బస్తాల మీద ఆడుకుంటున్న వాళ్ల బిడ్డ కూడా తన చేతులు చూసుకుంది. పిల్లలకు ఏం కాకూడదో అందరికీ తెలుసు, ముసలామె కంటికి ఏం కాకూడదో తెలుసు. పిల్లి ముక్కు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ముద్దు చేద్దామని ముట్టుకున్న ప్రతి చెయ్యీ దాన్ని కాల్చింది.

వెనక గదిలో నుంచి బూబమ్మ మెల్లగా అంది: “నమాజుకు వజూ చేసుకుంట కదా. దినాం అయిదు మార్ల నా చేతులు కడిగే ఉంటయి.”

మస్తాన్ పెరట్లోకి వెళ్లాడు. కొబ్బరినూనె, సబ్బు, మజ్జిగ అన్నీ అయ్యాక చొక్కా మార్చుకుని వచ్చాడు. తల్లి పక్కన నేల మీద కూర్చోబెట్టాను. “మీద నుంచి చెయ్యి పెట్టకు, గద్ద దిగినట్టు ఉంటది దానికి. కింద పరిచి ఊకో. అదే వస్తది” అన్నాను.

చాలాసేపటికి వచ్చింది. ఒక్కో వేలూ వాసన చూసింది. అరచెయ్యి చూసింది. మళ్లీ మొదటి వేలికి వెళ్లింది. బస్తాలు ఎత్తే ఆ మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కూన తన తల తీసుకొచ్చి ఆ అరచేతిలో పెట్టింది. అంత కాల్చిన చెయ్యిని కడిగితే చాలు, నమ్మేసింది. ఎన్నో జంతువులను పట్టుకున్నాను కానీ, పట్టుకోకుండానే ఒకటి చేతికి రావడం అప్పుడే చూశాను.

“ఏమైందిరా?” అని అడిగింది చూపు ఆనని బూబమ్మ. గుర్రుగుర్రుమని చప్పుడు వినబడి, ఆమె చెయ్యి చాపి తడిమింది. పిల్లితో పాటు కొడుకు చెయ్యి తగిలింది. వదల్లేదు. రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది.

“మంట లేదురా” అంది. “ఎన్నాళ్లాయెరా నీ చెయ్యి ముట్టుకొని.”

ఆ రాత్రి ఆమె అన్నం తిన్నదని మర్నాడు మస్తాన్ చెప్పాడు. నేనూ ఏఆర్‌వీ వేయించుకున్నాను. పది రోజులు చూశాం, కూనకు ఏ జబ్బూ లేదు. అంతమాత్రాన అది సాధువైపోలేదు. తోడబుట్టినవి ఉంటే ఆటలో కరిచి కరిపించుకుని, ఎంత గట్టిగా కరవొచ్చో పిల్లి నేర్చుకుంటుంది. ఇది ఒంటరిది. అందుకే నడిచే కాళ్ల మీద దూకేది. వేళ్లతో ఆడించొద్దు, గుడ్డపేలిక తాడుకు కట్టి ఆడించమన్నాను. కరిస్తే కొట్టొద్దు, అరవొద్దు, ఆట ఆపి కదలకుండా ఉండమన్నాను. నెమ్మదిగా నేర్చుకుంది.

ఆ ఇంట్లో అప్పటి నుంచి ఒక పద్ధతి వచ్చింది. పిల్లి కోసమని చేతులు కడుక్కుని అందరూ వెనక గదిలోకి వెళ్లేవాళ్లు. పిల్లి కోసం వెళ్లినవాళ్లు ముసలామె పక్కన కూర్చునేవాళ్లు. గడప దగ్గరి పళ్లెం లోపలికి వెళ్లింది, మనవరాలు ఆమెకు తల దువ్వేది. ఎవరొచ్చినా బూబమ్మ అడిగేది ఒకటే, చేతులు కడుక్కున్నారా అని. ఆఖరిసారి నన్నూ అదే అడిగింది.

ఇప్పుడు కరుస్తుందని ఏ జంతువును తెచ్చినా, నేను దాని నోరు చూడకముందు తెచ్చినవాళ్ల చేతులు వాసన చూస్తాను. మా డాక్టరమ్మ నవ్వుతుంది కానీ, తనూ అడుగుతుంది, ఇవాళ ఏం పని చేసి వచ్చారని. నేను నేర్చుకున్నది అంతే.

రాశావా స్వాతీ? ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా. బూబమ్మ నన్ను అడిగిన మాట దగ్గర మాత్రం కొంచెం మెల్లగా చదువు.