బస్సుకు అడ్డంగా నిలబడ్డ పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు ఆస్పత్రిలో ఉదయం డ్యూటీలో ఉండగా వచ్చింది. ఒడిశాలో గోపాల్‌పూర్ అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా పేట నుంచి పక్కింటి వదిన ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మ లెగడం నేదే. ఒల్లు సల్లబడిపోయింది. బేగొచ్చీ," అంది. నర్సుగా ఎంతోమంది ఇళ్లవాళ్లకు ఇలాంటి కబురు నేనే చెప్పాను. విన్నవాళ్లు ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియలేదు. చేతిలో ఉన్న సూది పేషెంటుకు వేసేసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. నన్ను పెంచింది ఆమే. గంజాం జిల్లాలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ల గురించి రాసేవాళ్లు డాక్టర్ల గురించి, నాట్యం చేసేవాళ్ల గురించి, ఉద్యమాల్లో జైలుకెళ్లినవాళ్ల గురించి రాస్తారు. చేపలమ్ముకునే మా పెద్దమ్మ అందులో ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

నా చిన్నతనంలో మా పేట ఆడవాళ్లు పడవల దగ్గర చేపలు తీసుకొని, గంపలు నెత్తినపెట్టుకొని బరంపురం బజారుకు నడిచే వెళ్లేవాళ్లు. ఆ రోడ్డు మీద బస్సులుండేవి. కానీ నీసు వాసనని, గంపల్లోంచి నీళ్లు కారి బట్టలు పాడవుతాయని మావాళ్లను ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఖాళీ బస్సు కూడా గంప కనిపిస్తే ఆగేది కాదు.

నాకు ఆరేళ్లు. ఎండాకాలం. అమ్మ నిండు నెలలతో ఉంది. పడవల మీద పనికని విశాఖపట్నం వెళ్లిన నాన్న తిరిగి రాలేదు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. అమ్మకు గంప ఎత్తక తప్పలేదు. ఆ రోజు దారి మధ్యలో అమ్మకు నొప్పులొచ్చాయి. బస్సు వస్తుంటే పెద్దమ్మ చెయ్యెత్తింది. బస్సు నెమ్మదించింది, కండక్టరు గంపలు చూసి ఈల వేశాడు, వెళ్లిపోయింది. పెద్దమ్మ రెండు గంపలూ పక్క పొలంలోకి విసిరేసి ఇంకో బస్సుకు ఎదురెళ్లింది. "సేపలు నేవు బాబూ! మనిసి! మనిసి!" అని అరిచింది. అదీ ఆగలేదు. చివరికి ఇసక లారీ ఒకటి ఎక్కించుకుంది. ఆస్పత్రి గేటు దగ్గర దించేసరికి అమ్మ లేదు. కడుపులో బిడ్డా లేదు.

అమ్మకు నిప్పు పెట్టిన మర్నాడు పొద్దున్న పెద్దమ్మ పేట మలుపులో రోడ్డుకు నడిమధ్యన నిలబడింది. నేను పక్కన తుప్పల దగ్గర ఉన్నాను. హారన్ మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. డ్రైవరు ఒడియాలో తిట్టాడు. పెద్దమ్మ ఒడియాలో జవాబు చెప్పింది, మళ్లీ తెలుగులో అరిచింది. "ఎక్కించుకో. నేకపోతే నా మీంచి తొక్కించుకెల్లిపో!"

బజారుకు బయల్దేరిన ఆడవాళ్లు దూరంగా ఆగి చూస్తున్నారు. కాసేపటికి ఒకామె గంప దించి వచ్చి రోడ్డు మీద కూర్చుంది. తర్వాత ఇంకొకామె. పోలీసులు వచ్చారు. ఊరిపెద్దలు పెదనాన్నను పంపారు. ఆయన వచ్చి పెద్దమ్మ రెక్క పట్టుకొని, "పరువు తీత్తన్నావు. ఇంటికి నడు," అన్నాడు.

"నిన్న నా సెల్లిని మోసుకొచ్చినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?" అంది పెద్దమ్మ. ఆయన చెయ్యి వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ గొడవ చాలా రోజులు సాగింది. చివరికి అధికారులు వచ్చి, తెల్లవారి బస్సులో మావాళ్లను ఎక్కించుకోమన్నారు. గంపలు పైన, మనుషులు వెనక సీట్లలో. ముందుకు రాకూడదు. అది గెలుపేనా అంటే నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. ఆ వెనక సీట్ల నుంచి ముందుదాకా రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది.

ఇంట్లో మాత్రం పెదనాన్న ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. నన్ను మధ్యన పెట్టుకునేవాడు. "మీ పెద్దమ్మని అన్నం ఎట్టమను." ఆమె అన్నం పెట్టి, "మీ పెదనాన్నకి మజ్జిగ కావాలేటో అడుగు," అనేది. ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఎప్పుడైనా నేను ఆయన్ని తిడితే ఊరుకునేది కాదు. "మంచోడే. అందరి ముందూ సిగ్గుపడిపోనాడు, అంతే," అనేది. ఆయన పోయే ముందు రోజు మంచం మీంచి ఆమెను చూసి, "నీల్లియ్యి," అన్నాడు. ఆమె గ్లాసు అందించి, గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

బరంపురం బజారులో అందరికీ ఆమె మావుసీయే, ఒడియాలో పిన్ని అని. ఒడియాలో బేరం, తెలుగులో తిట్టు. ఇంటికొచ్చాక చింతపండుతో, బూడిదతో చేతులు తోముకొని, వాసన చూసుకొని, అప్పుడు నాకు జడ వేసేది. నన్ను నర్సు చదువుకు పంపుతుంటే పేటలో నవ్వారు. ఆమె నాతో ఒక్క మాటే అంది. "గేటు కాడ ఎవులైనా ఆగిపోతే లోపల్నించి మనోలు ఒకలు రావాలి కదే."

కొన్నేళ్ల కిందట బరంపురంలో మహిళా సంఘం వాళ్లు జిల్లాలో పేరున్న ఆడవాళ్లకు సన్మానం చేశారు. పెద్దమ్మనూ వేదిక ఎక్కించారు. పట్టుశాలువా కప్పి, మైకు ఇచ్చి, అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగారు.

"దైర్నం ఏటమ్మా," అంది. "మా సెల్లి పోయిందని నిలబడ్డాను. అది పోకపోతే నానూ అందరిలాగే నడుసుకుని ఎల్లిపోదును. అది బతికుండగానే నిలబడాల్సింది."

జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఎందుకు కొడుతున్నారన్నట్టు నావైపు చూసింది.

తర్వాత మోకాళ్లు పోయాయి. సముద్రం ముందుకొచ్చి పేటలో ముందు వరస ఇళ్లు తీసుకుపోయింది. బరంపురంలో హల్దియాపదర్‌లో ఉన్న నా ఇంటికి రమ్మంటే, "అక్కడ గాలి ఆడదే," అని రాలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. నర్సును పెంచిన మనిషి పోయేటప్పుడు పక్కన నర్సు లేదు.

కర్మ అయ్యాక తెల్లవారి బస్సులోనే బరంపురం బయల్దేరాను. పక్క పేటలో ఎక్కిన ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. ఏడో నెలో, ఎనిమిదో. గంప కాళ్ల మధ్య పెట్టుకుంది.

"మీ పేటలో ఎవులో ముసిలామె పోయిందంట కదక్కా?" అంది.

"అవును," అన్నాను.

ఆ అమ్మాయి కిటికీకి తల ఆనించింది. ఊరు దాటేసరికి ఒక చెయ్యి కడుపు మీద వేసుకొని, నోరు కొంచెం తెరుచుకొని నిద్రపోయింది. పొద్దెక్కి ఎండ ఆమె మొహం మీద పడుతుంటే, బజారు వచ్చేదాకా నా కొంగు కిటికీకి అడ్డం పట్టుకొని కూర్చున్నాను.