బేస్ మాత్రమే వినిపించిన రోజులు

మా బడి పిల్లలు మాటలు మింగేస్తున్నారని మొదట అనుకున్నాను. నేను నర్సీపట్నం నుంచి రోజూ బస్సులో రావికమతం వైపు ఒక హైస్కూలుకి వెళ్లి లెక్కలు చెబుతాను. ఆ వైపు పిల్లలు ‘చెప్పండి’ అనరు, ‘సెప్పండి’ అంటారు. నాకది ‘ఎప్పండి’ అని వినబడేది. సగం అంటే ‘అగం’. సున్నా అంటే ‘ఉన్నా’. గట్టిగా చెప్పమని విసుక్కునేదాన్ని. వాళ్లు అప్పటికే గొంతు చించుకుంటున్నారని ముందు బెంచీ పిల్లల ముఖాలు చూస్తే తెలిసిపోయేది.

ఒక శనివారం ఎవరికీ చెప్పకుండా అనకాపల్లి వెళ్లి చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. లోపలి నరం దెబ్బతింటోందన్నారు. సన్నటి శబ్దాలు ముందు పోతాయట, బరువైనవి చాలాకాలం నిలుస్తాయట. చెవులకి మిషన్లు పెట్టుకోక తప్పదని చెప్పి పంపారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. చెబితే దాని వెనకే చాలా పనులు వచ్చి పడతాయి. చూసేవాళ్లకి జవాబులు చెప్పాలి, బడిలో చెప్పాలి, విశాఖ తిరగాలి. యాభై ఒకటో ఏట అంత ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకోవాలో తెలియలేదు.

బస్సులో పాత పాటలు వినడం నాకు చాలా ఏళ్ల అలవాటు. అప్పటికే వాటిలో ముందు వేణువు పోయింది, తరవాత వయొలిన్ పోయింది. పాడే ఆవిడ గొంతు బొంతలో చుట్టి పెట్టినట్టయింది. పాట నాకు కంఠతా వచ్చు కాబట్టి కొన్నాళ్లు చెవికి బదులు మనసే పాడుకుంది. అదీ విసుగొచ్చి మానేశాను.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం మా వీధిలో పెళ్లి ఊరేగింపు వచ్చింది. వ్యాను మీద నిలువెత్తు డీజే బాక్సులు. కిటికీ అద్దాలు గలగలలాడుతున్నాయి కాబోలు, పక్కింటావిడ చెవులు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఒక్కో దెబ్బా గుండెల మీద పూర్తిగా పడింది. నెలల తరవాత ఒక శబ్దం నాకు ఎక్కడా చిరగకుండా అందింది. మావారు వెనక నుంచి ఏదో అన్నారు. ఏమన్నారో తెలియలేదు. కాసేపాగి చూసేసరికి ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డీజే రీమిక్స్ అని కొట్టి చూశాను. పెళ్లి పాటలు వచ్చాయి. అవి వింటుంటే ఫోనే తనంతట తాను ఇంకేవేవో ముందుకు తోసింది. డబ్‌స్టెప్ అనే మాట అలా తెలిసింది. దరువు నింపాదిగా పడుతుంది. దాని కింద బేస్ అనే బరువైన మోత, బురదలో దిగబడ్డ ట్రాక్టరుని నలుగురు కలిసి లాగుతుంటే ఊగినట్టు ఊగుతుంది. మా స్టాఫ్ రూములో ఆ మాట పలికితే నవ్విపోతారు. నాకు మాత్రం రోలుగుంట దాకా దారి ఎలా గడిచిందో తెలియలేదు.

పేరున్నవాళ్ల పాటలతో త్వరగానే మొహం మొత్తింది. అంతా ఒకే నునుపు. పెద్దగా ఎవరూ వెళ్లని పేజీల్లోకి దిగడం మొదలుపెట్టాను. ఒక చిన్న కళాకారుడి పాట కింద ఎవరు మెచ్చుకున్నారో చూసి వాళ్ల పేజీకి వెళ్లేదాన్ని. వాళ్లూ పాటలు కట్టేవాళ్లే అయి ఉండేవారు. ఒకరివి ఒకరే వింటారు పాపం. ఒకరి పాటలోని గొంతు తీసి ఇంకొకరి దరువు మీద కూర్చోబెట్టే మాషప్‌లు కొన్ని భలే కుదిరేవి, చాలావాటికి కాళ్లూ చేతులూ అతికేవి కావు. ఒకాయన రికార్డింగులో కుక్క మొరుగుతూనే ఉంటుంది, తీసెయ్యడం చేతకాలేదో, ఇష్టమై ఉంచాడో. అన్నీ ఓపిగ్గా విన్నాను. ఓపిక అనడం కూడా తప్పే. మరో పని చేసే శక్తి లేక విన్నాను.

అలా వెతుకుతుండగా జీడిపండు బొమ్మ పెట్టుకున్న ఒక పేజీ దొరికింది. అందులో ఒక ముక్క తప్పెటగుళ్ల దరువుతో మొదలై, బేస్ దగ్గరికి వచ్చేసరికి నన్ను సీట్లో నిటారుగా కూర్చోబెట్టింది. ఆ శబ్దం నాకు తెలుసు. చెరకు గానుగాడే ఇంజను. చిన్నప్పుడు మా ఊళ్లో చలికాలమంతా దాని మోత వింటూ పెరిగాను. దాన్ని బాగా నెమ్మది చేసి, సాగదీసి బేస్‌గా వాడుకున్నారు. పాట కింద తెలుగులో రాశాను, ఇది గానుగ ఇంజనే కదా అని. బస్సు దిగేలోపే జవాబొచ్చింది: “అవునండి, మా మావయ్య గానుగ. ఇప్పటిదాకా ఒక్కలూ కనిపెట్టలేదండి.”

అలా రాసుకోవడం మొదలైంది. నేను ఎవరో కుర్రాడనుకున్నాను. తీరా చూస్తే, డిగ్రీ పూర్తిచేసి ఎస్. రాయవరం పక్క ఊళ్లో ఇంట్లోనే ఉంటున్న ఆడపిల్ల. ఆ పిల్లేమో నన్ను కాలేజీలో చదివే అమ్మాయిననుకుంది. నా వయసూ ఉద్యోగమూ చెప్పాక ఒక రోజంతా సడీ చప్పుడూ లేదు. తరవాత, “టీచరుగారూ, ఏటేటో రాసీసేను, ఏటీ అనుకోకండి” అని వచ్చింది. అప్పటి నుంచి కొత్తది ఏది చేసినా అందరికీ పెట్టేముందు నాకు పంపేది.

ఒకసారి వాళ్ల అమ్మమ్మ గొంతు కొత్త పాట మొదట్లో పెట్టానని, ఎలా ఉందో చెప్పమని అడిగింది. విన్నాను. మొదట అంతా ఖాళీ. చాలాసేపటికి బేస్ వచ్చింది. బావుందని రాసేస్తే సరిపోయేది, రోజూ అందరితో అదే చేస్తున్నాను. వినబడని మాటకి తలూపడం, నవ్వడం, అవునవునని అనడం. ఆ పూట అది కూడా చేతకాలేదు. ‘మీ అమ్మమ్మ నాకు వినబడలేదమ్మా. నా చెవులు పోతున్నాయి. మా ఇంట్లో కూడా తెలియదు’ అని రాశాను. ఫోను సంచిలో పడేసి క్లాసుకి వెళ్లిపోయాను.

కొన్నాళ్లకి అదే పాట మళ్లీ పంపింది. “మా అమ్మమ్మని కిందికి దింపేను. ఇప్పుడు ఇనండి.”

ఆ ముసలావిడ గొంతుని దాదాపు మగగొంతు అయ్యేదాకా కిందికి దించింది. నూతిలోంచి ఒక్కో మాటా తోడి పోసినట్టు వచ్చింది. వదినని ఆటపట్టించే దంపుళ్ల పాట అది. ప్రతి అక్షరమూ వినబడింది, ‘స’ కూడా. నాకు కళ్లు నిండిపోయాయి. పక్క సీటావిడ భుజం తట్టి ఏదో అడిగింది. తలనొప్పా అని అడిగి ఉంటుందనుకుని అవునన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారికి ఇయర్‌ఫోన్లు ఇచ్చి వినమన్నాను. ఆయన తాలూకా ఆఫీసులో పనిచేస్తారు, నాకంటే తక్కువ అలిసిపోయే మనిషేమీ కాదు. కాసేపు విని తీసేశారు.

“ఇదేటిది, మిల్లాడినట్టుంది?”

“నాకు సరిగ్గా వినబడేది ఇదొక్కటేనండి” అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అంతా చెప్పాను, అనకాపల్లి వెళ్లిన సంగతితో సహా. ఆయన కుర్చీ జరుపుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

“పిలిస్తే పలకటం మానేసేవు. మా అన్నయ్యోళ్ల ఇంటి విషయంలో నేనన్న మాటకి కోపం పెట్టుకున్నావనుకున్నాను. కదిపితే గొడవని నేనూ మాటాడటం తగ్గించేసేను.”

ఆ ఇంటి విషయమేమిటో, ఆయనేమన్నారో నాకు గుర్తే లేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా మారింది నా చెవుల వల్లే అనుకున్నాను. అందులో సగం ఆయన నిజంగా మాట్లాడకపోవడమే. ఏడాది పాటు ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరు భయపడి మసలుకున్నాం. ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. వెళ్లి పడుకున్నాను. ఆ మధ్యాహ్నం పట్టిన నిద్ర ఈ మధ్య ఎప్పుడూ పట్టలేదు.

మిషన్ల కోసం విశాఖ వెళ్లేరోజు రైలు యలమంచిలిలో ఎక్కాలనుకున్నాం. ఆ సంగతి రాస్తే ఆ పిల్ల స్టేషనుకి వచ్చింది. ఎండకి చున్నీ తలమీద కప్పుకుని, మెడలో పెద్ద హెడ్‌ఫోన్లతో, నేననుకున్నదానికంటే చాలా చిన్నగా ఉంది. మావారు టీ తేవడానికి వెళ్లారు. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ, పెదాలు కనబడేలా నెమ్మదిగా మాట్లాడింది.

“మీరు ఇంటన్నారని తెలిసినాక ఇవన్నీ సేసేనండి. లేపోతే ఎప్పుడో మానీసేదాన్ని.”

ఎందుకు మానేస్తావన్నాను. ఇంట్లో ఈ మోతేమిటని రోజూ గొడవేనట. అచ్యుతాపురం దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం చూశారట, షిఫ్టులట, బేగి చేరిపోవాలంటున్నారట. టీచర్ని కాబట్టి ఇలాంటప్పుడు చెప్పవలసిన మాటలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. ఏళ్ల తరబడి పిల్లలకి చెబుతూనే ఉన్నాను. ఆవేళ వాటి జోలికి పోలేదు.

“అలసిపోతావమ్మా” అన్నాను. “అలసిపోయినప్పుడు ఆపెయ్. మళ్లీ బుద్ధి పుడితే చెయ్.”

తలూపింది. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టి, కొత్తగా కడుతున్న ముక్క వినిపించింది. సగమే ఉంది. వింటూ ఉండగానే మావారు వచ్చి చెయ్యి పట్టుకుని లేపారు, రైలొచ్చేసింది.

మిషన్లు పెట్టుకున్నాక అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఫ్యాను, కుక్కరు, స్టీలు కంచాలు, న్యూస్‌పేపరు మడత. పిల్లల ‘స’ సూదిలా తిరిగొచ్చింది. క్లాసులో చెవి చూపించి సంగతి చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు, ఒకమ్మాయి ఏ పక్క నుంచి మాట్లాడితే మంచిదని మాత్రం అడిగింది. సాయంత్రానికి తల పగిలిపోతుంది. మావారు ఇప్పుడు చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి మాట్లాడతారు. కొన్ని పూటలు ఇద్దరం ఏమీ మాట్లాడుకోం, మాట్లాడే ఓపిక ఉండక.

ఆ పిల్ల పేజీలో కొత్తవేమీ లేవు. ఎప్పుడైనా, “డ్యూటీ అయ్యింది మేడమ్, నిద్దరొస్తంది” అని వస్తుంది. పడుకోమని రాస్తాను. పాటల ఊసు ఎత్తను. ఎత్తితే అది కూడా ఆ పిల్లకి ఇంకో పనవుతుంది.

మిషన్లలోంచి సంగీతం రేకు డబ్బా మోగినట్టుంటుంది. అందుకని బస్సెక్కగానే వాటిని తీసి డబ్బాలో పెట్టేసుకుని కొత్తవాళ్ల కోసం వెతుకుతాను. మొన్న ఎక్కడివాడో, వర్షం చప్పుడు మీద దరువు కట్టాడు. అంత గొప్పగా లేదు. ఎవరూ విన్నట్టూ లేదు. చివరిదాకా విని, బావుందని కాదు, విన్నానని రాశాను.