ఆయాసం అని రాయించుకున్న కాగితం

మా అమ్మాయి పదో తరగతి. ఏడాదిగా నెలసరికి ఒక పద్ధతి లేదు. రెండు నెలలు రాదు, వస్తే పది రోజులు ఆగదు. ఖమ్మం డాక్టరమ్మ మాత్రలు రాసింది. భద్రాచలంలో తక్కువ ఆక్సిజన్ గాలి పీల్పించే చికిత్స ఉందట, మందులకు తోడుగా పనికొస్తుందేమో అడిగి రమ్మంది. ఊపిరాడకపోతే గాలి పెడతారు గానీ, ఉన్న గాలి తగ్గిస్తారా? నా బుర్రకెక్కలేదు. అయినా బయలుదేరాం.

పెనుబల్లిలో ఆరున్నరకు బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, పదిన్నరకు భద్రాచలంలో దిగాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు లేదు. ఆటోకు యాభై. ఎవరికి బాగోలేదని ఆటో అతను అడిగితే, పిల్లకు ఆయాసం అన్నాను. మగవాళ్ల ముందు నెలసరి మాట ఎత్తే అలవాటు మా ఇళ్లలో లేదు. గాలి చికిత్సకు ఆయాసమైతే ఎవరైనా నమ్ముతారు, బంధువులకూ అదే చెప్పాను.

దవాఖానా వరండాలో మా ఊరి ఎరువుల దుకాణం ఆయన కూతురితో కూర్చుని ఉన్నాడు. పాపకు ఆయాసమన్నాడు. అయ్యో పాపం అనుకున్నాను. కిటికీ వెనక కాగితం నింపే ఆయన మా జబ్బేంటని గట్టిగా అడిగాడు. నా నోట్లోంచీ ఆయాసమే వచ్చింది, అదే రాసుకున్నాడు.

లోపల డాక్టరు ఆ కాగితం చూసి, తక్కువ గాలి పీల్పించే మాస్కు పక్కన పెట్టేశాడు. "ఆయాసమున్న పిల్లకు తక్కువ గాలి ఎట్ల పెడ్తమమ్మా?" తలుపు తెరిచే ఉంది, ఎరువులాయనకు అన్నీ వినబడతాయి. చెప్పాలా, ఇంటికి పోవాలా? నా కూతురే నోరు విప్పింది.

"నాకు ఆయాసం ఏం లేదు సార్. నెలసరి సరిగ్గ వస్తలేదు. చెప్పనీకి అమ్మకు సిగ్గు."

డాక్టరు మేం తెచ్చిన రక్తపరీక్ష కాగితం చూశాడు. రక్తం తక్కువుంది, ముందు అది పెరగాలి, మాస్కు సంగతి తర్వాత, మాత్రలు మాత్రం ఆపొద్దన్నాడు. నేనేమో మాస్కు మొదలైతే మాత్రలు మానొచ్చనుకున్నాను! తక్కువ గాలితో నెలసరి ఎలా కుదురుతుందో రెండుసార్లు చెప్పాడు, ఇది ఇంకా పూర్తిగా తేలని వైద్యమేనని కూడా అన్నాడు. నాకు సగమే అర్థమైంది.

మేం బయటికొచ్చేసరికి ఎరువులాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "మా పాప కాగితం ఒక్కసారి ఇయ్యండి. తప్పు రాయించిన," అంటున్నాడు.

తిరుగు బస్సులో అమ్మాయి నా భుజం మీద నిద్రపోయింది. ఆ గాలి వైద్యం పనిచేస్తుందో లేదో నాకిప్పటికీ తెలియదు. నేను సిగ్గుతో వెనక్కి పోయుంటే మాత్రం పిల్లకు రక్తం తక్కువన్న సంగతి తేలేది కాదు. వెళ్లేవాళ్లు పాత చీటీలు, రక్తపరీక్ష కాగితం వెంట పెట్టుకోండి. కిటికీ దగ్గర అసలు జబ్బు మీరే చెప్పండి, పిల్ల చెప్పేదాకా రానివ్వకండి.