మా మిద్దె మీది సర్కారు ఎండ

మా వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ముందు మా మిద్దె మీదికి చూస్తారు, తర్వాత నన్ను చూసి నవ్వుతారు. "సోలారా ఆంటీ? గవర్నమెంటే డబ్బులిచ్చిందంట కదా! మీకేం, బిల్లు టెన్షనే లేదు," అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో కరెంటంటే బిల్లు కాదు. మా ఆయన ఊపిరి.

ఆయన వయసంతా బెంగళూరు చిక్కపేటలో గడిచింది. చీరల హోల్‌సేలు కొట్టులో గుమాస్తాగా చేరి, చివరికి అదే సందులో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నారు. కిటికీ లేని గోడౌన్లో బట్టల బేళ్ళు విప్పుతూ ఆ దుమ్మంతా మింగారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పేనాటికి ఆయనకు మెట్రో స్టేషను మెట్లు దిగడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు మంచం పక్కన ఒక యంత్రం ఉంటుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టంలోంచి ముక్కుకు పంపుతుంది. కరెంటు పోతే అది ఆగిపోతుంది. ముందు ఆయన మాట తెగుతుంది, తర్వాత పెదాల రంగు మారుతుంది. అది ఒకసారి చూసినవాళ్ళకు కరెంటు గురించి సరదా కబుర్లు చెప్పబుద్ధి కాదు.

మా ఇల్లు కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డుకు కాస్త లోపల. పోయిన రెండు మూడేళ్ళుగా మా వీధులన్నీ తవ్వుతూనే ఉన్నారు. స్తంభాల మీది వైర్లు తీసేసి భూమిలో కేబుళ్ళు వేస్తారట, మీటర్లు మారుస్తారట, లైన్లన్నీ ఆధునికమవుతాయట. ఇందుకు ఢిల్లీ నుంచి గ్రాంటు వచ్చిందని వీధి మలుపులో పెద్ద బోర్డు పెట్టారు. ఆ ఆధునికత కోసం వారానికోసారి పొద్దున కరెంటు తీసేస్తే సాయంత్రానికి గానీ వచ్చేది కాదు. మాకు పాత ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు ఉండేవి. ముసలి బ్యాటరీలే అయినా ఎలాగో లాక్కొచ్చేవి. నేను ఫోనులో కరెంటాఫీసు మెసేజీ చూసుకుంటూ, బ్యాటరీ లైటు చూసుకుంటూ, ఆయన మొహం చూసుకుంటూ ఆ పగళ్ళు గడిపేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే సోలారు కంపెనీ మనిషి గేటు తీసుకుని వచ్చాడు. హిందూపురం వైపు మనిషి, మా మాటే మాట్లాడాడు. మన మాట మాట్లాడేవాడు మోసం చేయడనే పిచ్చి నమ్మకం ఈ ఊళ్ళో మా తెలుగువాళ్ళకు ఇంకా పోలేదు. అతనొచ్చి మా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం లేదన్నా. మిద్దె మీదే, ఎండ మీదే. గవర్నమెంటోళ్ళు గ్రాంటిస్తా ఉండారు, సగం భారం వాళ్ళదే. అప్లికేషనూ, మీటరూ, ఆఫీసు చుట్టూ తిరిగేదీ అంతా మాదే," అన్నాడు.

నేను అడిగింది ఒకటే. "కరెంటు పోతే ఎట్లప్పా? ఆయన మిషను ఆగకూడదు."

అతను మా ఆయన ముక్కుకున్న గొట్టం చూశాడు. గొట్టం వెంబడి యంత్రం దాకా చూశాడు. చూసి, "అక్కా, పొద్దున్నించి సాయంత్రం దాకా మీ నెత్తిమీద కరెంటు తయారవతానే ఉంటాది. మీకేం దిగులు?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో ఇప్పటికీ వేలు పెట్టి చూపించలేను. అందుకే అతనంటే నాకు అంత కోపం. ఉత్త అబద్ధాలకోరైతే ఒక తిట్టు తిట్టి మర్చిపోవచ్చు.

మిద్దె మీద సోలారు పలకలు బిగించి, కొత్త మీటరు పెట్టి, గోడ మీది పెట్టెలో పచ్చ లైటు వెలిగిన రోజు మా ఆయన సంతోషం చెప్పలేను. చిక్కపేటలో ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త సరుకు దిగిన రోజే పాత సరుకును వచ్చిన ధరకు వదిలించుకోవాలి, రెండూ ఒకే కప్పు కింద నిద్ర చేయకూడదు. అలా చేస్తే కొత్త సరుకు మీద మనకే నమ్మకం లేనట్టని ఆయన గురువైన సేటు నేర్పాడట. దుకాణం మూసేసి ఎన్నాళ్ళో అయింది, పద్ధతి మాత్రం పోలేదు. సాయంత్రంలోగా పాత బ్యాటరీల వాడికి ఫోను చేసి ఇన్వర్టరూ బ్యాటరీలూ అమ్మేశారు. "కొన్నాళ్ళు ఉంచుదామండీ" అని నేనంటే, "ఇంట్లో సొంత కరెంటు ఉండాది, ఇంకా ఈ పీడ ఎందుకే?" అన్నారు.

సోలారు మనిషి అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. నేనిచ్చిన కాఫీ తాగాడు. బ్యాటరీ బరువుగా ఉందని ఆటోలోకి ఎక్కించడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. ఒక్క మాట అనలేదు.

తర్వాత కరెంటు తీసిన రోజు ఏప్రిల్ ఎండ మండిపోతోంది. పోతుందని మెసేజీ ముందే వచ్చింది, నేను లెక్క చేయలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి టమాటాలు తరుగుతున్నాను. ఫ్యాను ఆగింది. లోపల యంత్రం కీచుమని అరవడం మొదలుపెట్టింది. పరిగెత్తి గోడ మీది పెట్టె చూస్తే పచ్చ లైటు పోయి ఎర్రది వెలుగుతోంది. మిద్దె మీద కాలు పెట్టలేనంత ఎండ, ఇంట్లో ఒక బల్బుకు సరిపడా కరెంటు లేదు. నాకు ముందు అర్థం కాలేదు. ఏదో ఊడిపోయిందనుకుని మీట వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పటికని దాచిన చిన్న ఆక్సిజన్ సిలిండరు ఆయనకు తగిలించి, సోలారు మనిషికి ఫోను చేశాను.

"అదట్లే అక్కా. లైనులో కరెంటు లేకుంటే మనదీ నిలిచిపోతాది. సేఫ్టీ కోసం," అన్నాడు, పాలు విరిగాయన్నంత తేలిగ్గా.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గ్రాంటు దీనికేనక్కా ఇచ్చేది. బ్యాటరీ పెట్టేదైతే అది వేరే."

సిలిండరు ముల్లు అప్పటికే కిందికి దిగుతోంది. మా పక్కన అపార్టుమెంటు ఉంది, వాళ్ళకు డీజిల్ జనరేటరు ఉంది. దాని పొగ మా ఆయన గదిలోకే కొడుతుందని నేను వాళ్ళతో పోట్లాడాను, పై ఆఫీసుకు కంప్లైంటు కూడా పెట్టాను. ఆ అపార్టుమెంటు సెక్రెటరీకీ నాకూ అప్పటినుంచి మాటల్లేవు. ఆ రోజు అదే జనరేటరు గుడగుడమంటుంటే చెప్పులు కూడా లేకుండా వెళ్ళి అతని తలుపు కొట్టాను.

అతను నా మాట పూర్తిగా విన్నాడు. వాచ్‌మన్‌ను పిలిచి వైరు తెమ్మన్నాడు. ప్రహరీగోడ మీదుగా మా కిటికీలోకి తనే వైరు లాగుతూ, "ఈ జనరేటర్ మీదే కదమ్మా మీరు కంప్లైంట్ కొట్టింది?" అన్నాడు. అవునన్నాను. అతను వైరు లాగుతూనే ఉన్నాడు. యంత్రం మళ్ళీ తిరిగింది. మా ఆయన పెదాలు మామూలు రంగుకు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. డీజిల్ పొగ ఎప్పట్లాగే గదిలోకి వస్తూనే ఉంది. కిటికీ మూద్దామంటే వైరు అందులోంచే వచ్చింది.

మర్నాడు కరెంటాఫీసుకు వెళ్ళాను. ఇంజనీరు నడివయసు ఆవిడ, మర్యాదగానే కూర్చోమంది. నేను కోపంగా చెప్పిందంతా విని కన్నడంలో నిదానంగా వివరించింది. కరెంటు తీసినప్పుడు లైను మీద మనుషులు పని చేస్తుంటారు. ఆ సమయంలో నా మిద్దె మీది కరెంటు లైనులోకి వెళితే వాళ్ళు చచ్చిపోతారు. అందుకే అది తనంతట తానే ఆగిపోయేలా చేస్తారు. ఎవరో లైన్‌మన్ చావాలని నేనెందుకు కోరుకుంటాను? ఆవిడ చెప్పింది న్యాయమే అనిపించేసరికి కోపం ఇంకా పెరిగింది.

"అయితే మేడం, ఇది కరెంటు పోయినప్పుడు పనికిరాదని మీ సోలారు ప్రకటనల్లో ఎందుకు రాయలేదు? టీవీలో ఎందుకు చెప్పరు?" అన్నాను.

"అది వెండరు చెప్పాలమ్మా," అంది. వెండరంటే ఆ సోలారు మనిషే, అతనేమో నేను అడగలేదంటాడు. కరెంటు పోతే ఎట్లని అడిగినప్పుడు గొట్టం వంక చూసినవాడు, నేను అడగలేదంటాడు! చెప్పి ఉంటే మేం పెట్టించుకునేవాళ్ళం కాదు. మేం పెట్టించుకోకపోతే అతని లెక్కలో ఒక ఇల్లు తగ్గేది, ఆఫీసు లెక్కలో ఒక ఇల్లు తగ్గేది, ఢిల్లీ లెక్కలోనూ తగ్గేది. లెక్క తగ్గకుండా అందరూ జాగ్రత్తపడ్డారు. గ్రాంటు డబ్బు మాత్రం చెప్పినట్టే బ్యాంకులో పడింది. అది కొత్త ఇన్వర్టరుకూ బ్యాటరీలకూ పోగా ఇంకా చేతినుంచి పెట్టుకున్నాం. బిల్లు తగ్గింది, అబద్ధమెందుకు చెప్పాలి. తగ్గిన ప్రతి బిల్లూ చూసి మా ఆయన "సరుకు మంచిదేనే" అనేవారు. తను కొన్న సరుకును ఆయన జన్మలో తిట్టలేదు. దానికి కూడా నాకు కోపమొచ్చేది.

వానలు మొదలయ్యాక సోలారు మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట కెమెరా పట్టుకున్నతనూ, జీన్సు వేసుకున్న అమ్మాయీ ఉన్నారు. స్కీము వల్ల బాగుపడ్డ ఇళ్ళ గురించి చిన్న చిన్న వీడియోలు తీస్తున్నారట. నేను గేటు దగ్గరే "వద్దు" అన్నాను. మా ఆయన లోపలినుంచి "ఎవరే? రానీ, రానీ" అన్నారు. ఇంటికి మనుషులు రావడమే తగ్గిపోయిన రోజులవి. ఆ గొంతులో ఆశ విని గేటు తీశాను. మొహం ముడుచుకునే కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ట్రే పట్టుకుని వచ్చేసరికి ఆయనను వరండాలో, గోడ మీది మీటరు కింద కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా తొడిగారు. ముక్కుకు గొట్టం లేదు. అది తలుపు పిడికి వేలాడుతోంది. ఆయన కెమెరా వంక చూసి చిక్కపేట గొంతుతో మాట్లాడుతున్నారు. "మన మిద్దె, మన ఎండ, మన కరెంటు. ఒకసారి పెట్టించుకోండి, మళ్ళీ నన్ను తలుచుకుంటారు." బేరానికొచ్చిన ఆడవాళ్ళ ముందు పట్టుచీర విప్పి పరిచేటప్పుడు అదే గొంతు, అదే చెయ్యి తిప్పడం. ఆ గొంతు నేను విని ఎన్నేళ్ళయిందో. ఒక్క క్షణం నేను కూడా నిలబడి విన్నాను. అప్పుడు ఆయన పెదాలు చూశాను.

ట్రే కింద పడేసి గొట్టం లాక్కొచ్చి పెట్టాను. "ఎవరు తియ్యమన్నారు?" అని అరిచాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "రెండు నిమిషాలే ఆంటీ... పైపు ఉంటే చూసేవాళ్ళకి అదోలా ఉంటుందని... అంకులే ఓకే అన్నారు," అంది. సోలారు మనిషి నేల చూపులు చూస్తున్నాడు. ముగ్గురినీ నోటికొచ్చినట్టు తిట్టి వానలోకి తరిమాను. నా జీవితంలో అంత నీచంగా ఎవరినీ తిట్టలేదు, ఇప్పటికీ అందుకు బాధ లేదు. ఊపిరి అందాక మా ఆయన, "ఇంక ఒక్క మాటే ఉండె కదే, చెప్పనీకపోతివి," అని విసుక్కున్నారు.

తీసినంత మేర వాళ్ళు వాడుకున్నారు. వీడియో ఫోన్లలో తిరిగింది. దేవనహళ్ళి నుంచి మా ఆడబిడ్డ ఏడుస్తూ ఫోను చేసింది. "వదినా, అన్నకు నయమైపోయిందంట కదా! మాకొక మాట చెప్పలేదే?" చుట్టాలందరికీ ఒక్కొక్కరికే చెప్పుకున్నాను, లేదు, నయం కాలేదు, ఇంక కాదు కూడా అని. అలా చెప్పిన ప్రతిసారీ ఆ స్కీమును, ఆ కెమెరాను, ఆ మనిషిని కొత్తగా తిట్టుకున్నాను. తీసేయమని వాళ్ళకు ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు.

మా ఆయన మాత్రం మధ్యాహ్నాలు మంచంలో పడుకుని దాన్నే చూస్తుంటారు. అయిపోతే మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంటారు. ఒకరోజు నాకు విసుగు పుట్టి, ఈ ఫోనులోంచైనా దాన్ని తుడిచేద్దామని లాక్కోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. గొట్టంలో గాలి బుసబుసమంటోంది.

"ఉండనీ మే," అన్నారు. "దాంట్లో నేను బాగుండాను."

ఫోను ఆయన చేతిలోనే వదిలేశాను.