ఆదివారం హాజరు

దొరల కాలంలో, కోవిల్‌పట్టి దగ్గరి పల్లెలో నేను మిషన్ బడి పంతులమ్మని. మా చర్చిలో ఆరాధన నడిపే ఉపదేశి మహా మొండి మనిషి. ఆరాధన కాగానే సంఘం పేర్లన్నీ చదివి హాజరు వేసేవాడు. రానివాళ్ళ గడప ముందు నిలబడి ‘ఏం రాలేదమ్మా?’ అని అడిగేదాకా మెతుకు ముట్టేవాడు కాదు. వాళ్ళేం చెప్పినా ఆయన మాట ఒకటే: ‘సరేమ్మా, వచ్చే వారమూ పేరు పిలుస్తా.’

మా సంఘమంతా ఒకే వీధి, ఒకే కులం, అందరూ చుట్టాలే. ఒక ఇల్లు మతం పుచ్చుకుంటే వెనకే వీధంతా పుచ్చుకుంది. ఆ ఏడు ‘చేరి’ అనే ఊరవతలి అంటరానివాళ్ళ వాడలోని కూలీలూ బాప్తిస్మం తీసుకున్నారు. ఉపదేశి వాళ్ళను అందరి చాప మీదే కూర్చోబెట్టాడు.

మరుసటి ఆదివారం ఆ వీధివాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆయన మాత్రం ప్రతి పేరూ పిలిచాడు. చేరివాళ్ళూ నేనూ తప్ప పలికేవాళ్ళు లేరు. చివరి పేరు ఆయన భార్యది. తలతిప్పి చూస్తే ఆమె చోటూ ఖాళీ.

ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఆఖరుకు మా బడికి ఎదురుగా ఉన్న తన ఇంటి గడప ముందు నిలబడ్డాడు.

‘ఏం రాలేదమ్మా?’

కట్టుకున్నదాన్ని అలా అడిగేసరికి ఆమె బిత్తరపోయింది. ‘నన్నా అడిగేది? నా అన్నదమ్ములు రాకుంటే నేనెట్లా వచ్చేది? కూడు ఆరిపోతా ఉంది, లోపలికి రాండి.’

‘సరేమ్మా, వచ్చే వారమూ పేరు పిలుస్తా.’

హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని చేరి వైపు నడిచాడు. ఆ పూట ఆయన సజ్జ సంకటి తిన్నది అక్కడే. కాళ్ళకు నీళ్ళిద్దామని చెంబు తెచ్చిన ఆయన భార్య, సాయంత్రందాకా ఆ చెంబుతో గడపలోనే కూర్చుంది.